మన సీమలో మాఘమాసము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన మన గ్రంథాలయపు ఉత్సవమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను మొదట సంకోచించితిని. నేను ఊరి లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఏ పండితుని కడను కూర్చుండి చదివిన భాగ్యము నాకు లేదు. భారతమైనను, రఘువంశమైనను, పగటి లెక్కలు మూసిన తరువాత రాత్రులందు ఈ గ్రంథాలయపు బల్లమీదనే టీకా తాత్పర్యముల సాయమున అక్షరాక్షరము కూడదీసికొని చదివితిని. నా మాటలలో పాండిత్యము కొరతపడినచో అది నా లోపము. రుచి యేమైన నుండినచో అది ఈ బీరువాల చలువ.

నేడు నేను ఎన్నుకొన్న విషయము మాఘమాసము. పన్నెండు నెలలుండగా దీనినే యేల ఎన్నుకొంటివని మీరడుగవచ్చును. బతుకమ్మ తెలంగాణమంతటిది. సంక్రాంతి తెలుగువారందరిది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమనున్న మన సీమ ‘ఇది నా నెల’ యని చెప్పుకొనదగినది యేదైన నున్నచో అది మాఘమే. పెద్దగట్టు జాతర ఈ నెలలోనిది. వాడపల్లి సంగమమున స్నానములు ఈ నెలలోనివి. మేళ్లచెరువు శివరాత్రి ఈ నెలలోనిది. మూడును మన గడపలోనివే. కాని మన గ్రంథాలయపు బీరువాలలో వీనిని గూర్చి ఎన్ని పుటలు కలవని వెదకితిని. మాఘపురాణము దొరకినది. మన మాఘము దొరకలేదు. ఆ కొరతను గూర్చియే నా నివేదనము.

మొదట నెల పేరును, దాని లెక్కను చూతము. పౌర్ణమినాటి చంద్రుడు మఘా నక్షత్రమున గాని దాని దాపున గాని యుండు నెల మాఘము. అమావాస్య మరునాడు మొదలై తిరిగి అమావాస్యతో ముగియుట మన తెలుగువారి పద్ధతి. వింధ్యకు ఉత్తరమున పెక్కు ప్రాంతములవారు పౌర్ణమితో నెలను ముగింతురు. అందుచేత వారికి మాఘము మనకంటె పక్షము దినములు ముందుగా వచ్చును. మహాశివరాత్రి మనకు మాఘ బహుళ చతుర్దశి. వారికి అదియే ఫాల్గున మాసపు తిథి. దినమొక్కటే, పేరు వేరు.

ఈ సంగతి నేను తెలిసికొన్న విధము చెప్పవలెను. అది నాకు సిగ్గు కలిగించునదైనను చెప్పుట మంచిది. నాకు ఇరువదియేండ్ల ప్రాయమున ఉత్తరదేశపు పంచాంగ మొకటి చేత బడినది. అందు పుష్య పౌర్ణమి మరునాడే మాఘమని యుండెను. మా అమ్మ చదువురానిది. ఆమెతో, “అమ్మా, మాఘము వచ్చినది. నదీ స్నానమునకు పోదువేమో, పొమ్ము. నీకు అక్షరములు రావు గనుక నెల వచ్చినట్లు కూడ తెలియలేదు” అంటిని. ఆమె చేట క్రింద పెట్టి నా వంక చూచి, “అమాస పోనియ్యి కొడుకా. పాత నెల సావకుండ కొత్త నెల ఎట్ల పుడ్తది?” అనెను. నేను నవ్వితిని. పుస్తకములో నున్నది తప్పగునా యని వాదించితిని. కొన్నేండ్లకు ఈ గ్రంథాలయములోనే ఒక జ్యోతిష గ్రంథమున రెండు పద్ధతుల వివరము చదివి, నా పుస్తకము తప్పు కాదనియు, మా అమ్మ తప్పు అసలే కాదనియు గ్రహించితిని. ఆమె నెలను చంద్రునిలో చూచెడిది. మామిడి పూతలో చూచెడిది. రేగుపండ్లు ముగిసి చింతకాయ పండబారుటలో చూచెడిది. నేను కాగితములో మాత్రము చూచితిని.

లెక్కలవాడను గనుక మరియొక మాట చెప్పి ముందునకు పోవుదును. చాంద్రమానపు పన్నెండు నెలలకు సుమారు 354 దినములు. సూర్యుని సంవత్సరమునకు 365. ఏటేట పదునొకండు దినముల లోటు పడును. ఆ లోటు పెరిగి నెల కాగానే అధికమాసమను పేర దానిని సరిపెట్టుదురు. పందొమ్మిది సంవత్సరములలో ఏడు అధికమాసములు వచ్చును. 2023లో మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 5న వచ్చెను. ఆ యేడు అధిక శ్రావణము పడుటచే 2024లో అది ఫిబ్రవరి 24కు జరిగెను. 2025లో తిరిగి ఫిబ్రవరి 12కు వచ్చెను. ఏ పద్దును విడువక, ఏ దినమును ఎక్కువ వ్రాయక, వేలయేండ్లనుండి నడచుచున్న ఈ ఖాతాను చూచినప్పుడెల్ల మా వృత్తివారికి గౌరవము కలుగక మానదు.

ఇక గ్రంథములలోని మాఘము. పద్మపురాణమున వసిష్ఠుడు దిలీప మహారాజునకు మాఘ మాహాత్మ్యము చెప్పినట్లున్నది. రఘువంశమున మొదట మనకు కనబడు ఆ దిలీపుడే యితడు. మన యిండ్లలో ముప్పది అధ్యాయముల మాఘపురాణమును దినమున కొకటిగా చదువుదురు. సూర్యోదయమునకు ముందే చన్నీటి స్నానము, సూర్యునకు అర్ఘ్యము, నువ్వుల దానము ఈ నెల విధులు. ముల్లంగి తినరాదను నియమమును పెద్దలు పాటింతురు. పుష్యము శూన్యమాసమని ఆపియుంచిన పెండ్లి ముహూర్తములు మాఘముతో తలుపులు తెరచుకొనును.

శుద్ధ సప్తమి రథసప్తమి. తలపై జిల్లేడాకులుంచుకొని స్నానము చేయుదురు. సంక్రాంతినాటి గొబ్బెమ్మలను పిడకలుగా చేసి, ఆ పిడకల మంటపై పాలు పొంగించి, పరమాన్నము వండి, చిక్కుడాకులలో సూర్యునకు నివేదింతురు. చిక్కుడుకాయలను పుల్లలతో గూర్చి రథము కట్టుట పిల్లలకు ప్రియమైన పని. సంక్రాంతినాడు పట్టిన నోముల ఇచ్చిపుచ్చుకొనుటలు మా యిండ్లలో ఈ దినముతో ముగియును. భానుపురి యని పేరుగల సూర్యాపేట ప్రాంతమువారమగు మనకు సూర్యుని పండుగ మరింత ఆత్మీయము.

సప్తమికి మరునాడు భీష్మాష్టమి. అటు తరువాత ఏకాదశి భీష్మ ఏకాదశి. ఏబదియెనిమిది రాత్రులు అంపశయ్యపై గడపి, ఉత్తరాయణము వచ్చిన పిమ్మట ప్రాణములు విడిచిన మహానుభావుడు భీష్ముడు. భారతమున ఆయన మాఘమాసము వచ్చినదని పలికిన సందర్భము చదివినప్పుడు నా కన్నులు చెమర్చినవి. ఆయనకు సంతానము లేదు. అందుచేత ఆ యష్టమినాడు ఆయనకు ఎల్లవారును తర్పణము విడువవచ్చునని పెద్దలు నిర్ణయించిరి. కొడుకులు లేనివానికి లోకమంతయు కొడుకగుట ఎంత గొప్ప ఏర్పాటో యోచింపుడు. కథ చెప్పిన పెద్దలకును అట్లే ఊరంతయు వారసత్వము వహింపవలెనని నేను తరువాత మనవి చేయబోవుచున్నాను. ఈ మాటను జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను.

గ్రంథములనుండి మన నేలకు దిగుదము. మిర్యాలగూడకు దక్షిణమున కృష్ణలో మూసీ కలియుచోట వాడపల్లి కలదు. అక్కడ మీనాక్షీ అగస్త్యేశ్వరుల ఆలయమును, లక్ష్మీనరసింహుని ఆలయమును వెలసియున్నవి. నరసింహుని సన్నిధిలో స్వామి ముఖమున కెదురుగ నున్న దీపము ఆయన ఊపిరికి కదలుననియు, క్రిందనున్న దీపము నిశ్చలముగ నుండుననియు చెప్పుదురు. అగస్త్యేశ్వరుని కథ ఇంకను హృదయంగమమైనది. బోయ యొకడు పావురమును తరుముచు వచ్చెనట. పావురము లింగము వెనుక దాగెను. శివుడు దానిని విడువనని చెప్పెను. “ఆకలితో నున్నాను, నా గతి యేమి?” అని బోయ అడిగెను. “నా తలనుండి మాంసము తీసికొమ్ము” అని శివుడు పలికెను. బోయ రెండు చేతుల వ్రేళ్లతో తీసికొనిన గుర్తులు లింగముపై నేటికిని గలవనియు, ఆ గాయమును కడుగుటకు గంగ వచ్చి ఆ గుంటలో నిలిచిన దనియు, ఎంత తోడినను ఆ నీరు తరుగదనియు అక్కడివారు చూపుదురు.

ఇది వినగానే మీకు శిబి చక్రవర్తి కథ స్ఫురించును. నాకును అట్లే స్ఫురించెను. భారతములోని కథను మన పల్లెవారు శివునకు అంటగట్టిరని మొదట అనుకొంటిని. పిమ్మట యోచింపగా భేదము కనబడెను. శిబి కథలో డేగయు పావురమును దేవతలు; రాజును పరీక్షింప వచ్చినవారు. పరీక్ష ముగియగానే వారు నిజరూపములు చూపుదురు. వాడపల్లి బోయకు మారువేషము లేదు. వాడు నిజముగ ఆకొన్నవాడు. వాని ఆకలి కూడ పావురము ప్రాణమువలెనే దేవునకు లెక్కకు వచ్చినది. అడవిలో వేటాడి బ్రతికినవారి నోట పుట్టిన కథ గనుక బోయను దుష్టునిగ చేయలేదు. గ్రంథములోని కథ గొప్పదే. కాని ఈ కథ దానికి నకలు కాదు. దీనికి వేరు పద్దు వ్రాయవలెను.

ఇప్పుడు పెద్దగట్టు. సూర్యాపేటనుండి విజయవాడకు పోవు బాటలో, చివ్వెంల మండలములోని దురాజ్‌పల్లి కడ, ఆ గట్టు కలదు. గొల్లగట్టు అనియు వాడుక. అక్కడ లింగమంతుల స్వామియు చౌడమ్మయు కొలువున్నారు. రెండేండ్ల కొకమారు, మాఘ పౌర్ణమినాటి గాని ఆ తరువాత వచ్చు గాని ఆదివారమున మొదలై, ఐదు దినములు జాతర సాగును. 2023లో ఫిబ్రవరి 5 మొదలుకొని, 2025లో ఫిబ్రవరి 16 మొదలుకొని జరిగెను. మేడారపు సమ్మక్క సారలమ్మల జాతరయు రెండేండ్లకొకమారు మాఘ పౌర్ణమి ప్రాంతముననే వచ్చును. అది 2022లో, 2024లో జరిగినది. అనగా ఒక మాఘము వారిది, ఒక మాఘము మనది. తెలంగాణమున మేడారము తరువాత అంత జనము కూడు జాతర పెద్దగట్టేయని ప్రసిద్ధి.

జాతరకు పదునైదు దినములు ముందు దిష్టిపూజ జరుగును. ఆ పిమ్మట దేవరపెట్టె కేసారము గ్రామమునుండి గట్టునకు బయలుదేరును. మొదటి దినమున యాదవ సోదరులు గంపలు నెత్తిన నెత్తుకొని గుడిచుట్టు ప్రదక్షిణము చేయుదురు. రెండవ దినమున బోనములు. స్వామి శివాంశుడు గనుక ఆయనకు మాంసము లేని నైవేద్యమును, చౌడమ్మకు యాటలను సమర్పించుట ఆచారము. మూడవ దినమున చంద్రపట్నము వేయుదురు. నాలుగవ దినము నెలవారము. ఐదవ దినమున మకరతోరణమును తరలించుటతో జాతర ముగియును. భేరీల మ్రోతయు, గజ్జెల లాగుల చప్పుడును, “ఓ లింగా” యను కేకయు ఆ రాత్రులందు రెండు మూడు కోసుల దూరమునకు వినవచ్చును.

స్వామి ఈ గట్టునకు వచ్చుటను గూర్చి ఒక కథ చెప్పుదురు. పూర్వము స్వామి ఆ దాపుననే యున్న ఉండ్రుగొండపై నుండెడివాడు. అది ఎత్తైన గుట్ట. నిండుచూలాలు ఒకతె బోనమెత్తుకొని ఎక్కుచు, ఎక్కలేక, కాలుజారి పడి ప్రాణము పోగొట్టుకొనెనట. స్వామి దుఃఖించి, “నా కొరకు రావలసినవారికి ఇంత కష్టము కలుగ నేల? నేనే దిగి వత్తును” అని చిన్న గట్టునకు దిగి వచ్చెనట. ఈ కథను ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగ చెప్పుదురు. గర్భిణి చనిపోలేదని చెప్పువారును కలరు. కాని దేవుడు దిగి వచ్చెనను మాట మాత్రము అందరి నోటను ఒక్కటే. గుట్ట ఎక్కలేనివారు తప్పు చేసిరని ఏ కథయు చెప్పదు. నా జీవితమున నేను విన్న నీతులలో ఇంతకు మించినది తక్కువ.

చలికాలము వెళ్లుట శివరాత్రితో. ఆనాడు చలి “శివ శివా” యనుచు పోవునని మన సామెత. కోదాడ వైపువారికి శివరాత్రి యనగా మేళ్లచెరువు. అక్కడ స్వయంభువైన శంభులింగేశ్వరుని శిరోభాగమున చిన్న గుంటయు, అందెప్పుడును నీరును ఉండునని భక్తులు దర్శింతురు. వాడపల్లి లింగముతో ఈ పోలిక గమనింపదగినది. జాగరణము ముగిసిన పిమ్మట ఎడ్ల బండలాగుడు పందెములు చూచుటకు కృష్ణకు అవతలి ఒడ్డునుండియు రైతులు వత్తురు.

ఇంగ్లీషు తేదీలనుబట్టి జనవరి చివర జరుగు జాన్‌పహాడ్ దర్గా ఉర్సు కొన్ని యేండ్లలో మాఘముననే పడును. గంధమునాడు అక్కడ హిందువులును ముసల్మానులును కలసి నిలుతురు. మా యింట సైదులను పేరుగల చుట్టములు లేకపోయినను, మా వీధిలో ఆ పేరుగల హిందువులు నలుగురు కలరు. నెల చంద్రునిదైనను, తేదీ ఎవరిదైనను, మన సీమ ప్రజ ఒక్కటే.

ఇంతవరకు ఉన్నదానిని చెప్పితిని. ఇప్పుడు మారినదానిని చెప్పవలెను. ఈ ఉత్సవములన్నియు మాఘముననే యేల కూడినవి? పురాణ కారణములు అటుంచి, పొలము చెప్పు కారణము వినుడు. వానకాలపు పంట ఇంటికి చేరి, గాదెలు నిండి, ఎండలు ఇంకను ముదురని కాలము మాఘము. రైతునకు చేత గింజయు, చేతులకు తీరికయు ఒక్కసారి కలుగునది అప్పుడే. కోసిన చేలు ఖాళీగ నుండును. ఆ చేలలో గొల్లవారు మందలు పెట్టుదురు. గొర్రెల ఎరువు చేనికి. రైతు ఇచ్చు గింజలు గొల్లకు. రాత్రి మంద కాపలాకు కంబళి కప్పుకొని కూర్చుండిన గొల్ల పెద్దల నోటనుండియే లింగమంతుల కథలు రైతుల పిల్లలు వినిరి. మా నాయనయు అట్లే వినెను. జాతర గట్టుపైన ఐదు దినములు మాత్రమే జరుగును. కథ చేలలో నెలయంతయు జరిగెడిది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఎడమ కాలువ, అనగా లాల్‌బహదూర్ కాలువ, మన సీమలోనికి వచ్చినది. చెరువు నిండిన యేడు వరి, నిండని యేడు జొన్న గటక యను బ్రతుకు మారినది. మా నాయనమ్మ వరియన్నమును పండుగలకు మాత్రమే తినినదని చెప్పెడిది. నేడు మిర్యాలగూడ బియ్యపు మిల్లులు దేశమంతట పేరెన్నిక గన్నవి. కావున కాలువను నిందించువాడు కృతఘ్నుడు. నేను నిందించుట లేదు.

కాని లెక్కలో జమ ఒక్కటియే చూపి ఖర్చు దాచుట మా వృత్తి ధర్మము కాదు. నీరు వచ్చినచోట రెండవ పంట వచ్చినది. మాఘము యాసంగి నాట్లకును, కలుపునకును, ఎరువునకును నెలవైనది. చేను ఖాళీగ లేదు. కావున మందలు దూరముగ పోయినవి. తీరిక లేదు, కావున కథ ఆగినది. జాతర ఆగలేదు. నేడు జనము వాహనములలో వత్తురు, మ్రొక్కు చెల్లింతురు, తెల్లవారకముందే నాట్లకు తిరిగి పోవుదురు. గట్టు నిండుచున్నది, కథ తగ్గుచున్నది. ఎవరి తప్పును లేకయే ఈ నష్టము జరుగుచున్నది. అందుచేతనే దానిని ఎవ్వరును గమనించుట లేదు.

నా తప్పు మాత్రము ఒకటి కలదు. 2017 జాతరలో మన ఊరి గొల్ల పెద్ద యొకరు, ఎనుబదియేండ్లు దాటినవారు, గట్టు క్రింద చింతచెట్టు నీడను కూర్చుండియుండిరి. లింగమంతుల కథను మొదటినుండి చివరివరకు నోటికి తెలిసినవారు మన ఊరిలో ఆయన ఒక్కరే. నేను నమస్కరించి, “తాతా, ఆ కథ అంతయు వ్రాసికొనవలెనని యున్నది” అంటిని. ఆయన సంతోషించి, “కూసో పంతులూ, పొద్దుగూకినంక మొదలువెడ్త, తెల్లారేదాక చెప్త” అనెను. మార్చి నెలాఖరునకు లెక్కలు అప్పగింపవలసియున్నది. ఒక రాత్రి పోయిన రెండు దినముల పని వెనుకబడునని నాకు తోచెను. “మళ్లీ జాతరకు తప్పక కూర్చుందును తాతా” అంటిని. ఆయన నవ్వి, “మల్ల జాతరకు గట్టుంటది పంతులూ. నేనుంటనో లేదో” అనెను.

2019 జాతరకు నేను రెండు క్రొత్త పుస్తకములు కొని గట్టునకు పోయితిని. ఆయన లేడు. ఆయన కుమారులను అడిగితిని. వారు మంచివారు, ముక్క ముక్కగ కొంత చెప్పిరి. నడుమ భాగము వారికి రాదు. లెక్కలలో నేను ఆ మార్చి ఒక్క పైసయు తప్పలేదు. ఆ సంవత్సరపు లెక్కల కట్ట నేడు ఎచ్చటనున్నదో, దాని నెవ్వరు చూతురో నాకు తెలియదు. ఆ కథ వ్రాసియుండినచో మన బీరువాలో నుండెడిది.

ఇంతకు ముందు మా అమ్మ కథ చెప్పితిని. రెండును ఒక్క తప్పే. మొదట పుస్తకము గొప్పదని మనిషి మాటను త్రోసిపుచ్చితిని. పిమ్మట మాట గొప్పదని తెలిసియు, దానికి ఒక రాత్రి ఇయ్యలేకపోతిని. చదువు నాకు మొదటి తప్పును దిద్దినది. రెండవదానిని దిద్దునది లేదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నేను ఒక చిన్న ప్రతిపాదనము చేయుచున్నాను. తెలంగాణమున 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొనినప్పుడు మన పెద్దల కష్టము తెలుగు పుస్తకములను జనులకు అందించుట. ఆ కష్టఫలమే ఈ బీరువాలు. జనులనుండి పుస్తకమునకు పోవలసిన దారియు నొకటి కలదని సురవరము ప్రతాపరెడ్డిగారు చూపిరి. సాహిత్య అకాడమీ బహుమానము పొందిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల కథ కాదు. జనుల తిండి, బట్ట, ఆట, పండుగల కథ. ఆయన ‘హిందువుల పండుగలు’ అను గ్రంథమును గూడ రచించిరి. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను సేకరించి పరిశోధించి దారి వేసిరి. మనము వారంతవారము కానక్కరలేదు. మన ఊరి మట్టుకు మనము చాలుదుము.

పన్నెండు నెలలకు పన్నెండు పుస్తకములు పెట్టుదము. ఒక్కొక్క పుటకు నాలుగు గడులు గీయుదము. చెప్పిన దినము, చెప్పినవారి పేరు, ఊరు, వయస్సు, చెప్పిన సంగతి, వ్రాసినవారి సంతకము. సంగతిని వారి మాటలలోనే వ్రాయవలెను. మన వ్యాకరణము చొప్పింపరాదు. ఇద్దరు రెండు విధముల చెప్పినచో రెండును వ్రాయవలెను, ఒకదానిని కొట్టివేయరాదు. ఉండ్రుగొండ గర్భిణి చనిపోయినదను కథయు, చనిపోలేదను కథయు ప్రక్కప్రక్కనే యుండవలెను. నేడు ప్రతి యువకుని చేతిలో సెల్‌ఫోను కలదు. మాటను పట్టుటకు కష్టము లేదు. పట్టినదానిని వ్రాతలో పెట్టి బీరువాకు చేర్చు ఓపిక మాత్రము కావలెను.

మరియొక్క మాట. ఆ పెద్దలు గ్రంథాలయమునకు రారు. ఈ మెట్లు వారికి ఎత్తుగ తోచును. అక్షరము రానివారికి ఈ గది పరాయిది. వారు రాలేదని మనము కూర్చుండినచో కథలు గుట్టపైన పోయిన చూలాలివలె పోవును. దేవుడే గట్టు దిగి వచ్చిన సీమ మనది. గ్రంథాలయము నాలుగు మెట్లు దిగి, వాకిటిలో మంచము వేసికొని కూర్చున్న అవ్వ కడకు పోలేదా? భీష్మునకు లోకమంతయు కొడుకైనట్లు, ఆ కథలకు మనమందరము వారసులము కావలెను.

మాఘపు పుస్తకమును నేను మొదలుపెట్టితిని. ఈ సభకు తెచ్చితిని. మా అమ్మ చెప్పిన నెల గుర్తులు మొదటి పుటలో నున్నవి. వాడపల్లి పావురము, రథసప్తమి పిడకలు, మేళ్లచెరువు పందెములు వరుసగ నున్నవి. లింగమంతుల కథకు మొదటి భాగమును, చివరి భాగమును ఆ పెద్దాయన కుమారులు చెప్పినంత వ్రాసితిని. నడుమ పది పుటలు తెల్లగ విడిచితిని. ఆ కథ చెప్పు బైకాను లెవరైన మన చుట్టుప్రక్కల ఊళ్లలో నున్నచో, ఎరిగినవారు నాకు తెలుపుడు. ఈసారి రాత్రియైనను, మార్చి యైనను వత్తును.

ఈ పుస్తకమును అధ్యక్షులవారి చేతికి సమర్పించుచున్నాను. తక్కిన పదునొకండు నెలలకు పదునొక్కరు ముందుకు రావలెనని ప్రార్థించుచున్నాను. నాకు చదువు చెప్పిన ఈ బల్లకును, బీరువాలకును నమస్కరించి విరమించుచున్నాను.